జీడితోట తీసేసి మొక్కజొన్న వేశాం, వాన నీరు నేలలోకి దిగడం మానేసింది. ఎందుకంటారు?

మెంటాడ_గరువు | జూలై 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మెంటాడ మండలంలో కొండ అంచు ఊరు. కొండవాలులో మాకు రెండెకరాల గరువు (మెరక చేను) ఉంది. ఎర్రనేల, కాస్త ఇసుక పాలు. నాన్నగారు వేసిన జీడితోట ముసలిదైపోయింది. కాపు తగ్గిందని నాలుగేళ్ళ క్రితం కొట్టించి మొక్కజొన్నలోకి దిగాం. గట్టు మీద రెండు చెట్లు మాత్రం ఉంచాం.

మొన్న శనివారం సాయంత్రం ముప్పావుగంట గట్టి వాన పడింది. వాన వెలిశాక వెళ్ళి చూస్తే చాళ్ళ వెంబడి ఎర్రనీళ్ళు గెడ్డలోకి (వాగులోకి) పోతున్నాయి. మర్నాడు పొద్దున చేతో తవ్వితే రెండంగుళాల కింద మట్టి పొడిగానే ఉంది! కింద చేలో ఉన్న నుయ్యి కూడా ఇదివరకు ఉగాది దాటేదాకా అందేది, ఇప్పుడు సంక్రాంతికే చేద అడుగు తగులుతోంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. ట్రాక్టరుకి కట్టి తిప్పే బ్లేడ్ల రోటవేటర్ రెండుసార్లు కొట్టించాను, నేల పిండిలా ఉంది. మెత్తటి నేల నీళ్ళు ఎక్కువ తాగాలి కదా? తోట ఉన్నప్పుడు దున్నిందే లేదు, అప్పుడు బాగానే ఇంకేది.

తవుడు_బస్తా | జూలై 9, రాత్రి 10:05

తోట కొట్టిన రోజు కలప డబ్బు లెక్కపెట్టుకున్నావు కదా బాబూ, ఇప్పుడు నీళ్ళ లెక్క. కోపగించుకోకు, మేమూ అదే చేశాం.

బొబ్బిలి_మేష్టారు | జూలై 10, ఉదయం 6:15

ప్రశ్నలోనే జవాబు ఉంది నాయనా, "పిండిలా" అన్నావు చూడు. జల్లెడలో ఉప్మా రవ్వ పోసి నీళ్ళు పోయి, చక్కగా దిగిపోతాయి. మైదా పోసి నీళ్ళు పోయి, పైన జిగురు పట్టి నిలబడిపోతాయి. నీ నేల రవ్వగా ఉండాల్సింది మైదా అయింది.

మట్టి రేణువులు విడివిడిగా ఉండవు. వేళ్ళ జిగురు, కుళ్ళిన ఆకు, బూజు దారాలు, వానపాముల విసర్జన అన్నీ కలిసి వాటిని చిన్న చిన్న గుళికలుగా పట్టి ఉంచుతాయి. ఆ గుళికల మధ్య సందుల్లోంచే నీళ్ళు దిగుతాయి. రోటవేటర్ గుళికల్ని చిదిమేస్తే, వాన చినుకు మిగతా పని పూర్తి చేస్తుంది. ఖాళీ నేల మీద చినుకు పడితే నలిగిన మట్టి ఎగిరి, సన్నటి ఒండు సందుల్లోకి జారి మూతలా బిగుసుకుంటుంది. ఎండ తగిలాక అదే పెచ్చు కడుతుంది. వేరుశనగ వేసేవాళ్ళకి బాగా తెలుసు, ఆ పెచ్చుని పగలగొట్టుకు రాలేక మొలకలు లోపలే వంకర తిరిగిపోతాయి.

ఇంకో సంగతి. పొడిగా ఉన్న నేల మొదట గబగబా తాగుతుంది, తడిసేకొద్దీ వేగం తగ్గి ఒకచోట నిలకడపడుతుంది. దీన్ని 1933లో హార్టన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సూత్రంగా పెట్టాడు. ఆ నిలకడ వేగం ఇసుకలో గంటకి 30 మిల్లీమీటర్లు దాటుతుంది, ఇసుక, ఒండు, బంక కలిసిన గరప నేలలో 10 నుంచి 20, బంకమట్టిలో 1 నుంచి 5 మాత్రమే. పెచ్చు కట్టిందంటే గరువు కూడా బంకమట్టిలాగే ప్రవర్తిస్తుంది.

ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 4,047 లీటర్లు. మొన్నటి వానలో ఒక 25 మిల్లీమీటర్లు ఇంకకుండా జారిపోయిందనుకో, నీ రెండెకరాల మీద రెండు లక్షల లీటర్లు గెడ్డ పాలైనట్టు.

నాగావళి_కుర్రాడు | జూలై 10, ఉదయం 8:50

రెండు లక్షల లీటర్లా!! మా వీధికి ట్యాంకరు వస్తే బిందెల కోసం కొట్టుకుంటున్నాం ఇక్కడ.

అడ్డాకు | జూలై 10, మధ్యాహ్నం 1:20

నాది సీతంపేట వైపు కొండ ఊరు. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. చిరునామా మారినా కొండ అదే.

మేష్టారు గారు చెప్పింది మా ముసలివాళ్ళు వేరే మాటల్లో చెప్పేవారు. మా పోడులో నాగలి లేదు. చెట్టు కొట్టినా మొద్దు, వేరు పెకలించరు. కర్రతో గుంట చేసి గింజలు వేస్తారు. చోడి, కంది, సామ, కొర్ర, జొన్న అన్నీ కలిపే. ఒకటి కోతకొచ్చేసరికి ఇంకొకటి ఆకు పరుచుకుని ఉంటుంది, నేల బోడిగా కనబడేది తక్కువ. రెండు మూడు పంటలయ్యాక వదిలేసి వేరే వాలుకి పోయేవారు. వదిలిన చోట పాత మొద్దులు చిగిర్చి, పొదలు లేచి, ఆకు రాలి, మళ్ళీ అడవి నేల అయ్యేది. చచ్చిన వేరు కుళ్ళిపోయిన చోట గొట్టంలా బొక్క మిగులుతుంది, వాన నీళ్ళు అందులోంచి నేరుగా కిందికి పోతాయి. చిన్నప్పుడు ఆ బొక్కల్లో గడ్డిపరక దూర్చి ఆడుకునేవాళ్ళం.

ఇప్పుడు ఆ విరామం కుదించుకుపోయింది. కుటుంబాలు పెరిగాయి, కొండ పెరగలేదు. మొద్దు కోలుకోకముందే మళ్ళీ నిప్పు పెడితే నేల కోలుకోదు. మంట మరీ ఎక్కువైనచోట ఇంకోటి చూశాను. బూడిద కింద మట్టి మీద నీళ్ళు పోస్తే తామరాకు మీద బొట్టులా నిలబడతాయి. కాబట్టి పోడే పాపం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, పోడులో తప్పే లేదనేవాళ్ళతోనూ ఒప్పుకోను.

మట్టిపని | జూలై 10, సాయంత్రం 5:35

@అడ్డాకు గారూ, మీరు చూసింది నిజం. ఆకులోని మైనం లాంటి పదార్థాలు మంటకి ఆవిరై, కింద చల్లగా ఉన్న మట్టి రేణువుల మీద పూతలా పేరుకుంటాయి. ఆ పూత నీటిని నెట్టేస్తుంది. కొన్ని వానలు పడ్డాక క్రమంగా పోతుంది గానీ, మొదటి వానలకే కొండ కోసుకుపోయే ప్రమాదం ఉంది.

(నేను విజయనగరం వాడినే. మట్టి, నీటి సంరక్షణ పని మీద బయట ఉంటున్నాను.)

తవుడు_బస్తా | జూలై 10, రాత్రి 9:10

అంతా చెట్టుకి దండలు వేస్తున్నారు, సరే. నా అనుభవం కూడా రాసుకోండి. చీపురుపల్లి దగ్గర మా పక్క రైతు ఆరెకరాలు జామాయిల్ వేశాడు. నాలుగేళ్ళకి మా నూతిలో నీరు గజం దిగింది. చెట్టు నీళ్ళు దింపుతుందా, తాగుతుందా? ఏదో ఒకటి తేల్చండి.

మట్టిపని | జూలై 11, ఉదయం 7:00

రెండూ చేస్తుంది. అందుకే ఈ గొడవ ఎప్పటికీ తెగదు. మనం మూడు వేరువేరు సంగతుల్ని ఒకే మాటలో కలిపేస్తున్నాం. నీరు నేలలోకి దిగడం ఒకటి. దిగింది వేళ్ళ దగ్గర నిలవడం రెండు. వేళ్ళని దాటి నూతిదాకా చేరడం మూడు. అడవి మొదటిదానికి మేలే చేస్తుంది. మూడోదానికి వచ్చేసరికి, దిగిన నీటిలోంచి చెట్టు ఎంత పైకి లాగి ఆకుల్లోంచి గాలిలోకి వదిలిందో లెక్కలోకి వస్తుంది. జామాయిల్ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, వేరు లోతుగా పోతుంది, దగ్గరదగ్గరగా నాటుతారు. కాబట్టి తవుడు బస్తా గారి నుయ్యి దిగిందంటే నేను ఆశ్చర్యపోను. అయితే ఆ నాలుగేళ్ళలో చుట్టుపక్కల బోర్లు ఎన్ని పడ్డాయో కూడా చూడాలి.

పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం ఉంది, మనలాగే ఒక కాలమే వాన. అక్కడి చేలల్లో, చెట్ల మధ్య చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. చెట్లు బొత్తిగా లేనిచోట కన్నా, మరీ దట్టంగా ఉన్నచోట కన్నా, మధ్యస్థంగా అక్కడక్కడ చెట్లున్న చోటే భూగర్భంలోకి ఎక్కువ నీరు చేరిందని తేలింది. ఒక చెట్టు వేళ్ళు, నీడ, ఆకు కలిసి చుట్టూ కొన్ని గజాల మేర నేలని గుల్ల చేస్తాయి. చెట్లు దూరదూరంగా ఉంటే ఆ మేలు అందుతుంది, తాగుడు అదుపులో ఉంటుంది. గట్టు మీద తాడి, చేలో చింత, మామిడి ఉంచుకునే మన పాత పద్ధతికి దగ్గరగా ఉంది కదూ.

ఇంకో అపోహ కూడా ఉంది. గొడుగులాంటి కొమ్మలుంటే చాలు, నేల భద్రం అనుకుంటాం. టేకు తోటలోకి వానలో వెళ్ళి చూడండి. వెడల్పాటి ఆకు మీద చినుకులు చేరి పెద్ద బొట్టై, అంత ఎత్తునుంచి దబ్బున పడుతుంది. ఆ బొట్టు మామూలు చినుకు కన్నా గట్టిగా కొడుతుంది. కింద ఆకు పరుపు, చిన్న మొక్కలు లేకపోతే టేకు చెట్టు కింద కూడా నేల పెచ్చు కడుతుంది, మట్టి కొట్టుకుపోతుంది. నేలని కాపాడేది పైకొమ్మ కన్నా కింద రాలిన ఆకు.

ఉద్దానం_కొబ్బరి | జూలై 11, ఉదయం 11:30

ఈ చివరి మాట దగ్గర ఆగిపోయాను. మాది కవిటి. జీడితోటల్లో గింజ రాలే ముందు మాఘం, ఫాల్గుణాల్లో కింద ఆకంతా ఊడ్చి కుప్పేసి తగలబెడతాం. ఆకు ఉంటే గింజ కనబడదు, పాముల భయం ఒకటి. అంటే తోట ఉన్నా వానాకాలం వచ్చేసరికి నేల బోడిదే! ఇన్నేళ్ళు ఇది తోచలేదు.

అయితే మాది ఇసుక నేల. నీళ్ళు దిగకపోవడం మా బాధ కాదు, దిగి ఆగకపోవడం. పొద్దున తడిపితే సాయంత్రానికి ఏమీ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లని కూల్చేశాక ఎండ నేరుగా పడి మరీ కాగిపోయింది. మీ ఎర్రనేలకి చెప్పే మందు మాకు పనిచేస్తుందా?

మట్టిపని | జూలై 11, మధ్యాహ్నం 2:10

మందు అదే అమ్మా, పనిచేసే తీరు వేరు. ఎర్రనేలలో ఆకు నీళ్ళకి తలుపు తెరిచి ఉంచుతుంది. ఇసుకలో ఆవిరి తగ్గిస్తుంది, కుళ్ళాక కాస్త జిగురు ఇస్తుంది. ఆకు ఊడ్చినా తగలబెట్టకండి. పాదుల చుట్టూ పోగేసి, గింజ ఏరుకున్నాక వెనక్కి పరచండి. కొబ్బరి పీచు పాదుల్లో పూడ్చేది మీకు నేను చెప్పక్కర్లేదు.

నాగావళి_కుర్రాడు | జూలై 11, మధ్యాహ్నం 3:45

వాట్సాప్‌లో తిరుగుతోంది: "నేలలో సేంద్రియ పదార్థం 1 శాతం పెరిగితే ఎకరం అదనంగా 75 వేల లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది." ఇది నిజమేనా సార్?

మట్టిపని | జూలై 11, సాయంత్రం 6:20

ఆ అంకె చాలా ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా ఉన్న మట్టి నమూనాల లెక్కలు తీసి 2018లో ఇద్దరు శాస్త్రజ్ఞులు పోల్చారు. సేంద్రియ కర్బనం 1 శాతం పెరిగితే, 10 సెంటీమీటర్ల మందం మట్టిలో మొక్కకి అందే నీరు సగటున 1.16 మిల్లీమీటర్లే పెరుగుతుందని తేలింది. ఎకరానికి సుమారు 4,700 లీటర్లు. పైగా మన ఎర్రనేలల్లో 1 శాతం పెంచడం ఒకటి రెండేళ్ళ పని కాదు.

అలాగని ఎరువు దండగ అనుకోవద్దు. సేంద్రియం చేసే పెద్ద మేలు నిల్వలో కన్నా తలుపు దగ్గర ఉంది. గుళికలు విడిపోకుండా పట్టి ఉంచితే ఒక్క గట్టి వానలోనే మేష్టారు గారు చెప్పిన రెండు లక్షల లీటర్లలో కొంత లోపలికి వస్తుంది. దాని ముందు ఈ 4,700 చిల్లర.

తవుడు_బస్తా | జూలై 11, రాత్రి 8:30

వరి సంగతి ఎవరూ ఎత్తరేం? మేం దమ్ము చేసేదే నీళ్ళు ఇంకకుండా. ట్రాక్టరుకి కేజ్ వీల్స్ (ఇనుప చక్రాలు) కట్టి తొక్కి తొక్కి బురద చేస్తాం. మీ లెక్కన నేనూ నేల పాడుచేస్తున్నట్టేనా?

బొబ్బిలి_మేష్టారు | జూలై 11, రాత్రి 9:00

పల్లం మడికి దమ్ము ధర్మమే. గట్టు ఉంది, నీరు నిలుస్తుంది, మెల్లగా కిందికి ఊరుతుంది కూడా. ఇబ్బందల్లా వరి కోశాక అదే మడిలో మినుమో మొక్కజొన్నో వేసినప్పుడు వస్తుంది. దమ్ము కింద బిగిసిన పొరని వేరు దాటలేదు. ఇక గట్టు లేని వాలు గరువులో అలాంటి పొర తయారైతే మాత్రం చేటే. మెంటాడ అబ్బాయికి పైన పెచ్చు ఒక్కటే కాదు, కింద కూడా ఏదో ఉందని నా అనుమానం.

మట్టిపని | జూలై 11, రాత్రి 9:40

నాదీ అదే అనుమానం. @మెంటాడ_గరువు, ఊహించడం ఎందుకు, కొలిచి చూడండి. మేం వాడే పరికరంలో రెండు రింగులుంటాయి, లోపలిది 30 సెంటీమీటర్లు, బయటిది 60. పక్కలకి పోయే నీటి లెక్క తప్పించడానికి బయటి రింగు. ఇంట్లో చూసుకోవడానికి ఆరంగుళాల ప్లాస్టిక్ పైపు ముక్క, జానెడు పొడవుది చాలు. అంచు అరగదీసి, పైన చెక్క పెట్టి సుత్తితో నాలుగు వేళ్ళ లోతు దిగగొట్టండి. లోపల పాలిథిన్ కవరు పరిచి, సుమారు 450 మిల్లీలీటర్లు పోసి, కవరు మెల్లగా లాగండి. అది 25 మిల్లీమీటర్ల వానకి సమానం. ఎంతసేపట్లో ఇంకిందో రాసుకోండి. వెంటనే మళ్ళీ అంతే పోయండి. రెండోసారి పట్టిన సమయమే అసలైనది, ఎందుకంటే మొదటిసారి పొడి నేల అత్యాశగా తాగేస్తుంది.

తరవాత గునపంతో జానెడున్నర గొయ్యి తీసి పక్కగోడ చూడండి.

మెంటాడ_గరువు | జూలై 14, రాత్రి 8:15

చేశాను. మా బావ నవ్వాడు, "నేలకి ఇంజెక్షన్ ఇస్తున్నావా" అని.

గట్టు మీద మిగిలిన జీడిచెట్టు కింద, ఆకు కొంచెం పక్కకి నెట్టి పెట్టాను. రెండోసారి కూడా పది నిమిషాల్లోపే ఖాళీ. మొక్కజొన్న చాళ్ళ మధ్య మొదటిసారి పావుగంట. పర్వాలేదే అనుకున్నాను. రెండోసారి పోసి, అన్నం తిని వచ్చాను, సగం అలాగే ఉంది. ట్రాక్టరు తిరిగే మూల అయితే చెప్పక్కర్లేదు, సాయంత్రం దాకా కాకి వచ్చి తాగింది.

గొయ్యి తీస్తే అసలు విషయం బయటపడింది. జానెడు లోతున గునపం ఠంగుమంది. రాయి అనుకున్నాను. కాదు, మట్టే, అరచేతి మందాన పలకలా ఉంది. దాని మీద మొక్కజొన్న వేళ్ళు మోచేయి మడిచినట్టు పక్కకి తిరిగిపోయాయి. జీడిచెట్టు కింద అలాంటి పలక లేదు. అక్కడ పెన్సిలు దూరేటన్ని బొక్కలు, చెదలు, వానపాములు ఉన్నాయి (మావైపు ఎర్రలంటాం).

మట్టిపని | జూలై 14, రాత్రి 9:30

ఆ పలకే దుక్కి కింద గట్టిపొర. ఏటా ఒకే లోతున బ్లేడు తిరగడం వల్ల, తడి నేలలో టైరు తొక్కడం వల్ల బిగుస్తుంది. అంటే మీకు రెండు మూతలున్నాయి, పైన పెచ్చు, కింద పలక. పైమూత తీసినా కింద ఆగిన నీరు వాలు వెంబడి పక్కకి జారిపోతుంది, నూతికి చేరదు.

వేసవిలో నేల బాగా ఎండినప్పుడు ఒక్కసారి లోతు నాగలి, ఉలి లాంటి కొన ఉన్నది, వాలుకి అడ్డంగా వేయించండి. తడిలో వేస్తే పలక పగలదు, కోసుకుని మళ్ళీ అతుక్కుంటుంది. ఆ తరవాత రోటవేటర్ మానాలి, లేదంటే మూడేళ్ళలో మళ్ళీ మొదటికి. పగిలిన సందుల్ని తెరిచి ఉంచాల్సింది వేళ్ళే. కంది వేరు బాగా లోతుకి పోతుంది, మొక్కజొన్నలో సాళ్ళుగా కలపండి. మొక్కజొన్న కోశాక ఉలవలు జల్లండి. తొలకరికి ముందు జనుమో, ప్రకృతి సేద్యం వాళ్ళు వేయించే నవధాన్యాలో ఉంటే మొదటి చినుకు బోడినేల మీద పడదు.

తవుడు_బస్తా | జూలై 14, రాత్రి 10:00

చెప్పడం తేలిక సార్. చొప్ప చేలో వదిలితే ఆవులేం తింటాయి? ఉలవలు జల్లితే కాపలా ఎవరు? సంక్రాంతి దాటాక ఊళ్ళో పశువులన్నీ విడిచేస్తారు. ఒక్కడు చేలో పచ్చగా ఉంచుకుంటే మందంతా అక్కడే.

అడ్డాకు | జూలై 15, ఉదయం 7:25

ఇది మాత్రం తీసిపారేసే మాట కాదు. మావైపు కూడా కొండ మీద విత్తినా నిలవకపోవడానికి సగం కారణం విడిచిన మేకలు. ఊరంతా ఒక తేదీ అనుకుని కట్టేస్తే తప్ప ఒక్కరి వల్ల కాదు. చొప్ప సంగతి అయితే, పైసగం కోసి పశువులకి వేసి, మోకాలెత్తు మోడు చేలో వదలొచ్చు కదా? మా ఊళ్ళో ఇద్దరు అలా చేస్తున్నారు.

బొబ్బిలి_మేష్టారు | జూలై 15, ఉదయం 9:10

ఒక జాగ్రత్త. ఇవన్నీ చేశాక గెడ్డ పొంగనే పొంగదని ఎవరికీ మాట ఇవ్వకండి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తుందా? అలాంటి వానకి నేల లోపలిదాకా నిండిపోతే అడవి అయినా, చేను అయినా పైనీరు పారాల్సిందే. తేడా అంతా మామూలు వానల్లోనే కనబడుతుంది. నుయ్యి కూడా వచ్చే సంక్రాంతికే నిండిపోదు. మన కొండల కింద నీరు ఉండేది నలిగిన ఖోండలైట్ అనే రాయి సందుల్లో. నిండడానికీ టైము పడుతుంది, ఊళ్ళో బోర్లన్నీ అందులోంచే తోడుతున్నాయి.

మెంటాడ_గరువు | జూలై 16, రాత్రి 9:05

మేష్టారూ, ఆ రాత్రి మా పాక కప్పు లేచిపోయింది, మర్చిపోతానా.

ఈసారికి పంట నేల మీద ఉంది కాబట్టి పెద్దగా ఏమీ చేయలేను. రేపు కంది విత్తనం తెచ్చి ఎగువ అరెకరంలో చాళ్ళ మధ్య గుచ్చుతాను, కాస్త ఆలస్యమే అయినా. ఉపాధి హామీలో తవ్విన పాత కందకాలు ఒండుతో నిండిపోయాయి, అవి తోడిస్తాను. లోతు నాగలి ఏప్రిల్‌లో, అదీ ఒక ఎకరానికే. రెండో ఎకరం ఇలాగే ఉంచి అదే పైపుతో పక్కపక్కన కొలుస్తాను. బావ నోరు మూయించాలంటే అదొక్కటే దారి. మూడు జీడి అంట్లు, ఒక పనస గట్టు మీద పెడుతున్నాను, ఈసారి దూరదూరంగా.

నాగావళి_కుర్రాడు | జూలై 16, రాత్రి 9:20

అన్నయ్యా, ఆ పైపు ముక్క ఒక వారం ఇస్తావా? పాలకొండ రోడ్డులో మా మావయ్య చెరకు చేలో పెట్టి చూడాలి. ఆయన నాకన్నా ట్రాక్టరునే ఎక్కువ నమ్ముతాడు.

మెంటాడ_గరువు | జూలై 16, రాత్రి 9:31

అంచు అరగదీయడానికే నాకు ఒక పూట పట్టింది తమ్ముడూ. ప్లంబరు దగ్గర తెగిన ముక్కలు ఊరికే ఇస్తారు, అడుగు. కవరు మాత్రం మందంది తీసుకో, నాది రెండోసారికే చిరిగింది.